ఏడు కాదు, ఒకటి

రుషికొండ మీద మా ఆఫీసు, ఆరో అంతస్తు.
రాత్రి పదింటికి లాగిన్ అయితే
స్ట్రాస్‌బర్గ్‌లో ఇంకా సాయంత్రమే.
కింద సముద్రం ఉందని తెలుస్తుంది గానీ కనిపించదు.
అద్దంలో నా మొహం, దాని వెనక ట్యూబులైట్లు.

నా పని పెద్దదేం కాదు, కాగితాలకి నంబర్లు వెయ్యడం.
అనుబంధం మూడు, పేజీ నలభై ఒకటి.
వాదించేవాళ్ళు వేరే, తీర్పు చెప్పేవాళ్ళు వేరే,
ఇళ్ళు కాలినవాళ్ళు మరీ వేరే.
మధ్యలో నేను, గొలగాని పైడిరత్నాన్ని,
పేజీకింతని లెక్క.

ఈ వారం వచ్చింది కుర్దుల ఊరొకటి.
సైనికులు వచ్చి నిప్పు పెట్టిన పొద్దున
తన ఇంట్లో ఏమేం ఉన్నాయో
ఒక ముసలామె చెబుతుంటే ఎవరో రాసుకున్న జాబితా:
అక్రోటు చెట్లు పదకొండు.
తేనెపెట్టెలు ఇరవై రెండు, అందులో మూడు ఖాళీవి.
మేకలు. ఎన్నో చెప్పలేదు, పేర్లు చెప్పింది.
రాగి బాన ఒకటి, అడుగున అతుకు వేసింది.

ఆ అతుకు దగ్గర ఆగిపోయాను.
చెబితే వెల తగ్గుతుందని తెలుసు ఆమెకి.
అబద్ధమాడే మనిషి
అతుకు సంగతి ఎత్తదు.

ఆమె పేరు ఖెజాల్.
సర్కారు రికార్డులో హజాల్.
వాళ్ళమ్మ పిలిచిన మొదటి అక్షరం
ఆ దేశపు అక్షరమాలలో లేదట.
రికార్డులో ఉన్నట్టే కొట్టమని నాకు సూచన.
కొట్టాను.
మన యాభయ్యారులో ఆ గొంతుకి దగ్గరగా ఒకటుంది,
మనమూ దాన్ని సరిగ్గా పలకం అనుకోండి.

మా తాతకీ ఒక జాబితా ఉండేది,
ఆర్-కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో.
ఉక్కు ఫ్యాక్టరీకి ఊరు పోయినప్పుడు రాసుకున్నది:
తాటిచెట్లు ముప్పై ఒకటి, జీడిమామిడి తొమ్మిది, నుయ్యి సగం.
సగం నుయ్యేటి తాతా అంటే
“మిగతా సగం మీ సినతాతది గదమ్మా” అనేవాడు.
ఆయన ఇంటికి ఎవరూ నిప్పు పెట్టలేదు.
రెండూ ఒకటేనని అనను, అంత తెలివితక్కువదాన్ని కాను.
కాగితం మాత్రం
మడత దగ్గరే చిరుగుతుంది, ఎవరిదైనా.

ప్రభుత్వం జవాబు పద్దెనిమిది పేజీలు.
ఊరు కాలలేదు.
కాలినా మేం కాల్చలేదు.
కాల్చామనే అనుకున్నా, ఆమె ఆలస్యంగా వచ్చింది.
ఈ మూడోదానికే బలమెక్కువ.
అక్కడి కోర్టుల గడపలన్నీ అరిగాక
ఆఖరి తీర్పు చేతికందిన ఆర్నెల్లలోపు పంపాలి,
గడువు పద్నాలుగో తేదీతో సరి.
పోస్టు రసీదు మీద పదిహేడని
పగటి షిఫ్టు వరహాలు ఎక్కించి వెళ్ళాడు.
మూడు రోజుల తేడాకి
ఒక ఊరు ఊరే కొట్టుకుపోయేలా ఉంది.

రెండున్నరకి టీ తాగొచ్చి
రసీదుని నాలుగింతలు చేసి చూశాను.
మన కళ్ళకి ఏడే.
కానీ నాలుగు వందల పేజీలుగా వాళ్ళ చేతిరాతలోనే బతుకుతున్నాను.
వాళ్ళ ఒకటికి ముక్కు పొడుగు, కిందికి వంగి ఉంటుంది.
వాళ్ళ ఏడుకి
నడుమున అడ్డగీత, మొలతాడు కట్టినట్టు.
దీనికి మొలతాడు లేదు.
అదే గుమస్తా రాసిన ఏడులు ఇంకెక్కడున్నాయా అని వెతికాను.
ఆరు దొరికాయి. ఆరింటికీ ఉంది.

పదకొండు.
పదకొండో తేదీనే పంపింది ఆమె.

మెయిల్ రాశాను. నాలుగు వాక్యాలు, ఏడు బొమ్మలు.
అరగంటకి లండన్ నుంచి వకీలమ్మ జవాబు:
చూశాను, థాంక్స్, సూచిక మార్చండి.
మార్చాను.
పక్క సీటు కుర్రాడికి చెబుదామంటే
చెవుల్లో పాటలు పెట్టుకుని ఉన్నాడు.

దీంతో కేసు గెలుస్తారని కాదు.
తలుపు వెయ్యకుండా ఒక చెప్పు అడ్డం పెట్టడం, అంతే.

అయిదింటికి క్యాబు.
కాన్వెంట్ జంక్షన్ దాటుతుంటే
రేవులో ఓడ ఒకటి బొంగురుగా అరిచింది.
పెదగంట్యాడలో మా కిటికీ ఊచల మీద
రోజూలాగే నల్లటి పొడి.
గుడ్డ తడిపి తుడుస్తుంటే గుర్తొచ్చింది,
మేకల వరసలో సంఖ్య గడి ఇంకా ఖాళీగానే వదిలేశాను.
రేపు రాత్రి కూర్చుని
పేర్లు లెక్కపెట్టాలి.