రివర్సుకి మనిషి కావాలి

ఇరవై ఆరేళ్లు రాజోలు డిపోలో
రైట్ రైట్ అన్న గొంతు ఇది.
స్టీరింగు మాత్రం ఒక్కనాడూ ముట్టుకోలేదు.
రిటైరయ్యాక వచ్చినదాంట్లో సగం పెట్టి
రావులపాలెంలో పాత స్కూలు వ్యాను కొన్నాను.
పసుపు రంగు అలాగే ఉంచాను, పెయింటరు ఎక్కువడిగాడు.
సీట్లు పీకించి ఒక మంచం, ఒక పొయ్యి,
నూటయాభై లీటర్ల ట్యాంకు.
ఖాకీ కోటు చింపితే మంచి మసిగుడ్డలయ్యాయి.

"ఒక్కదానివేనా?" అన్నారు.
"ఒక్కదాన్నే" అన్నాను,
చిల్లర లేదని చెప్పినంత తేలిగ్గా.

మలికిపురం స్పీడు బ్రేకరు దగ్గర
అలమర తలుపు తెరుచుకుని
కందిపప్పూ ఆవాలూ ఒకటైపోయాయి.
ఏరడానికి కూచుని, ఏరడం మానేశాను.
ఆ వారమంతా నా పప్పులో
పోపు ముందే పడి ఉంది.

అంతర్వేది దారిలో ఎవరిదో చేతిపంపు,
భుజాలు పడిపోయేదాకా కొట్టి ట్యాంకు నింపాను.
పొద్దున్న టీకి పెడితే పాలు విరిగాయి.
పాలవాణ్ణి తిట్టి ఇంకో ప్యాకెట్టు తెచ్చాను, అదీ విరిగింది.
అప్పుడు చుక్క నాలిక మీద వేసుకున్నాను.
సముద్రం.
నింపుకునే ముందు రుచి చూడాలి.
ఈ ముక్క ఇంకా చాలావాటికి పనికొస్తుంది గాని
ప్రస్తుతానికి నీళ్ల గురించే.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించాను.
టిక్కెట్టు కుర్రాడు చెయ్యి చాపితే
నా చెయ్యీ చాపి నిలబడ్డాను కాసేపు.
తర్వాత గుర్తొచ్చింది
ఇవ్వాల్సింది నేనని.

అవతల, వేములదీవి దాటాక,
పాయ పక్కన గట్టి నేల, చదునుగా, ఎవరూ లేరు.
ఇంతమంచి చోటు ఎవరూ ఎందుకు వాడుకోలేదా అనుకుంటూ
చెప్పులు మెట్టు కింద వదిలి పడుకున్నాను.
రాత్రి రెండింటికి మంచం కింద ఎవరో గొణిగినట్టు చప్పుడు.
తలుపు తీస్తే సగం చక్రం నీళ్లలో ఉంది.
పీతల వలతో వస్తున్న ధనకొండ
టార్చి నా మొహం మీద వేసి
"అమాస పోటండి ఈయేళ,
ఇక్కడెవరన్నా బండెట్టుకుంటారాండి?" అంది.
తెల్లారేదాకా నాతో మెట్టు మీద కూచుంది, చుట్ట కాల్చుకుంటూ.

ఆటుపోట్లు, ఆటుపోట్లు అని
జీతం ఆలస్యమైన ప్రతి నెలా అనేదాన్ని.
వాటికో టైంటేబులుందనీ
అది అడిగితే ఎవరైనా చెబుతారనీ
అప్పుడే తెలిసింది.

ఇక అసలుది.
ఫోను చూపించిన దారి
రెండు రొయ్యల చెరువుల మధ్య గట్టై, గట్టు కాలిబాటై,
కాలిబాట ఒక కొబ్బరి దుంగయి ఆగింది.
వెనక్కి పోవాలి.
దిగి చూశాను, ఎక్కి రెండడుగులు,
మళ్లీ దిగాను, మళ్లీ రెండడుగులు.
రానీ, రానీ అని నాకు నేనే చెప్పుకున్నాను.
హోల్డాన్ చెప్పే టైముకి
నేను స్టీరింగు దగ్గరున్నాను.
ఎడమ చక్రం నల్లమట్టిలోకి, చెంచా పెరుగులోకి దిగినట్టు.

మేత బస్తాల ట్రాక్టరుతో ఏసుపాదం వచ్చాడు.
తాడు కట్టి బయటికి లాగాడు. ఒక్క ప్రశ్నా అడగలేదు.
"మీరు తిప్పకండి, చూడకండి,
నేను వెనకాలుంటాను" అని
బండి ఒంటి మీద రెండు దెబ్బలు చరిచి
"రైట్ రైట్!" అన్నాడు.

నా మాటే, ఇంకొకరి నోట్లోంచి.
నా కాలు మాత్రం కదల్లేదు.
వెనక చెరువు, వెనక వేరేవాడి గొంతు, అంతే.
మా వెంకటరత్నం డ్రైవరు
ఇరుకు రేవుల్లో, వానల్లో, చీకట్లో
అద్దం కూడా చూడకుండా వెనక్కి వచ్చేసేవాడు.
పొగరనుకునేదాన్ని.

కాలు తీశాను.

ఎస్సార్ రాసే అలవాటు ఇంకా పోలేదు.
ఆ రాత్రి పాత పుస్తకం వెనక రాసుకున్నాను:
స్టేజీ, తెలీదు.
ప్యాసింజర్లు, ఒకరు.
చెప్పులు, ఒకటి.