ఎంతవరకు

అమలాపురం కోర్టు. నేను స్టెనోని.
మావుళ్ళమ్మ కేసులో తీర్పు కొడుతున్నాను.

పీచు షెడ్డుకి లోపల గొళ్ళెం పడింది:
అక్కడికి సన్నాహమట.
ఒంటి మీద చెయ్యి పడ్డాక యత్నమట.
ఈలోగా రేవులో పంటు కూతేసింది,
వాడు గోడ దూకాడు.

"ఎంతవరకు వచ్చాడు?"
మూడు వాయిదాలు ఇదే ప్రశ్న,
లాకుల కాడ నీటిమట్టం చూసే లస్కరులా,
అంగుళాలు, అంగుళాలు.

ఆవిడ కొంగు ముడి విప్పుతూ, మళ్ళీ వేస్తూ
"నేనింకా ఆ షెడ్డులోంచి ఇవతలికి రాలేదు బాబూ" అంది.
ప్రశ్నకి జవాబు కాదని
అది రికార్డుకెక్కలేదు.

నేరం పూర్తి కాలేదు గనక సగం శిక్ష.
చెప్పింది చెప్పినట్టే కొట్టాను.

ఫైలు కడుతుంటే
ఆమె వేలిముద్ర కాగితానికి
కొబ్బరిపీచు ఒకటి అంటుకుని ఉంది.
ఎగ్జిబిట్ నంబరు లేదు దానికి.
దులపబోయి, ఆగాను.