సంత మహల్

ట్రంకు రోడ్డు మీద వాన.
వసంత మహల్ బోర్డులో 'వ' ఎప్పుడో రాలిపోయింది.
మిగిలిన సంతకి నేను బేరగాణ్ణి:
పాత ఇనుము, టేకు, ఇత్తడి గొళ్లేలు.
రాత్రి పదకొండుకి రమ్మన్నారు.
పగలైతే సైకిల్ స్టాండు వాళ్లు అడ్డం పడతారట.

తాళం తీసింది కాళేషా.
నలభై ఏళ్లు ఆపరేటరు, ఇప్పుడు కాపలా.
గొడుగు లేదు, టార్చి ఉంది.
దాని వెలుగులో వాన కూడా
గీతలు పడ్డ ఫిలిం లాగే కురుస్తోంది.

లోపల గబ్బిలాల కంపు.
నేల క్లాసు గోడకి నడుమెత్తున
ఏదో తుఫాను వదిలెళ్లిన నీటిగీత.
బాల్కనీ కుర్చీలు లెక్కపెడుతున్నాను
నూట పన్నెండు, నూట పదమూడు
వెనకనించి ఆయన, నేను అడక్కుండానే:

"ఒక బొమ్మొచ్చిందబ్బయా, అరవై మూడులో.
అంతా రాత్రే. ఒక్క సీనన్నా పగల్లేదు.
టోపీ పెట్టుకున్నోడు ఊరంతా తిరగతా ఉంటాడు
తన ఇల్లు యాడుందో మర్చిపోయి.
ఒక ఖూనీ. ఎవురు చేసిందీ ఆఖరి రీల్లో.
ఆ రీలు గూడూరు నించి రాలా.
జనం కుర్చీలు ఇరగ్గొట్టి పోయినారు.
మర్నాడు మళ్లీ వచ్చినారు.
పదకొండు రోజులు ఆడింది, ముగింపు లేకుండానే."

ఆట వదిలాక మెట్ల మీద నిలబడి
అడిగినవాళ్లకి అడిగినట్టు చెప్పేవాడట.
మూలాపేట వాళ్లకి తమ్ముడని,
స్టోన్‌హౌస్‌పేట షావుకార్లకి గుమాస్తా అని.
మైకా షెడ్ల ఆడవాళ్లకి మాత్రం
(చీకట్లో కూడా వాళ్ల జుట్టు మెరిసేదట)
ఎవరూ చంపలేదని, ఆమె బతికే ఉందని.

"నిజంగా ఎవరు?"
లెక్క తప్పింది. పదమూడా, పద్నాలుగా.

ఆయన జవాబివ్వలేదు. మోకాళ్లు పట్టుకుంటూ
పోయినేడే అమ్మేసిన ప్రొజెక్టరు గదిలోకెక్కి
చదరపు కంతలోంచి టార్చి వేశాడు.
తెర లేదు. తెర వెనకటి గోడ,
గోడ మీద లేచిన పెచ్చులు,
పెచ్చుల మీద విరిగి విరిగి నా నీడ,
తలకి వానకని చుట్టుకున్న తువ్వాలు
అచ్చం టోపీలాగా.

"అదిగో," అన్నాడు పైనించి, "వాడే."

నేను నవ్వాను.
హాలు ఆ నవ్వుని రెండుసార్లు తిప్పి ఇచ్చింది.

తెల్లారితే జేసీబీ.
బంకు దగ్గర టీ తాగుతూ చిట్టా రాసుకున్నాను:
ఇనుము ఇంత, టేకు ఇంత,
కుర్చీలు నూట పదమూడు, కొట్టేసి, పద్నాలుగు.

పుట్టింది సంతపేటలోనే.
ఇంటికి ఏ సందో
చాలాసేపు తట్టలేదు.