అంకె చెప్పిన చోటు

మా జైల్లో లా లైబ్రరీ అంటే
మూడు బల్లలు, అట్టలూడిన పుస్తకాలు,
'ఆర్' అక్షరం సరిగా పడని ఒక టైప్‌రైటర్.
అక్కడ గుమాస్తాని నేను. గంటకి పదకొండు సెంట్లు.
పిటిషన్ రాసిపెడితే నాలుగు నూడుల్స్ పొట్లాలు,
అది పైకి చెప్పని ధర.

థాడియస్ బ్రాడ్‌నాక్స్ పొట్లాలు ముందే తెచ్చాడు.
ఇరవయ్యేడేళ్ళ కిందట పెట్రోలు బంకు బయట
ఇంజిను ఆపకుండా కారులో కూర్చున్న కుర్రాడు.
లోపల పేలిన తుపాకి అతనిది కాదు.
శిక్ష మాత్రం ఇద్దరికీ ఒకే కొలత:
పాతికేళ్ళ నుంచి ప్రాణం పోయేదాకా.
ఇప్పుడు చట్టం మారింది.
మళ్ళీ కొలవమని అడగొచ్చు.
"ఎవరిని?" అన్నాడు.

మొదటిసారి తప్పు నాదే.
మనిషి ఎక్కడుంటే కోర్టు అక్కడేననుకున్నాను.
ఈ పొగమంచు, ఈ రెడ్‌వుడ్ చెట్లు,
వాసనే తప్ప కనబడని ఈ సముద్రం,
ఈ కౌంటీకే పంపాను.
ఐదు వారాలకి తిరిగొచ్చింది.
ఒళ్ళు మా దగ్గరుంది, శిక్ష మాది కాదని,
అంత మాటా రాయలేదు,
ఒక గడిలో టిక్కు పెట్టారు.

మా కాళ్ళకి వీలు కాదు గనక
కాగితమే చెప్పులరిగేలా తిరగాలి.
రెండోసారి దక్షిణాన, నేరం జరిగిన ఊరికి,
పత్తి చేలూ చమురు బావులూ ఉన్న వైపు.
అక్కడి క్లర్కు మంచిమనిషై ఉండాలి,
పచ్చ సిరాతో రాసింది:
"విచారణ వేరే కౌంటీకి మార్చారు. ఫైలూ దాని వెంటే వెళ్ళింది."

"మార్చారా?" అన్నాను.
"ఆ, మార్చారు," అన్నాడు థాడియస్,
చొక్కా మార్చినంత తేలిగ్గా.
చనిపోయినాయన ఊరి పిల్లలకి బేస్‌బాల్ కోచ్.
జ్యూరీకి పన్నెండుమందిని పిలిస్తే
పన్నెండుమందీ ఆయన దగ్గర బంతి పట్టడం నేర్చుకున్నవాళ్ళే.
అందుకని మొహమెరగని ఊరికి,
సంకెళ్ళ బస్సులో, తొమ్మిది రోజులు.

"ఏ ఊరు?"
కళ్ళు మూసుకున్నాడు.
బాదం తోటలు తెల్లగా పూసి ఉన్నాయట.
కోర్టు గోడ మీద గడియారం
నాలుగూ పది దగ్గర ఆగిపోయి ఉందట.
జడ్జి దగ్గుతూ అంకె చెప్పాడట, రెండుసార్లు,
మొదటిసారి రాసుకునే అమ్మాయికి వినబడక.
ఊరి పేరు మాత్రం...
పంతొమ్మిదేళ్ళవాడికి అది ఊరు కాదు,
ఒక గది.

తీర్పు కాగితం ఉంది, జిరాక్సుకి జిరాక్సు.
కౌంటీ పేరుండాల్సిన పై అంచుని
ఏ యంత్రమో కొరుక్కు తినేసింది.
రికార్డుల ఆఫీసుకి అర్జీ పెడితే అరవై రోజులు.

అక్కకి రాశాడు. వర్లీన్.
ఆసుపత్రిలో పక్కలు మార్చే పని ఆమెది.
సబ్బు లోపలికి రానివ్వరు కదా,
రేపర్ ఫొటో తీసి పంపింది.
"ఆ తొమ్మిది రాత్రులూ నేనున్న మోటెల్‌ది.
వాడలేదు. ఎందుకు దాచానో అడక్కు."
రేపర్ మీద గులాబీ బొమ్మ,
కింద ఒక ఫోన్ నంబరు,
ఊరు.

మూడోసారి టైపు చేశాను.
'ఆర్' పడని చోటల్లా చేత్తో దిద్దాను.
ఆ జడ్జి పోయి ఉంటాడు, ఆ దగ్గూ పోయి ఉంటుంది.
ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుని ఉంటారు,
బహుశా అప్పటికి బడికి కూడా వెళ్ళనివాళ్ళు.
అయినా అంకె వచ్చింది అక్కణ్ణించే.
వెనక్కి తీసుకుంటే అక్కడే తీసుకోవాలి.

కవరు అంటిస్తుంటే థాడియస్ అడిగాడు,
శిక్ష సంగతేమో అనుకున్నాను,
"ఆ గడియారం బాగు చేయించి ఉంటారా?"

తెలీదన్నాను.
నాలుగు పొట్లాల్లో ఒకటి ఇంకా మిగిలే ఉంది.
తిరిగిచ్చేశాను,
మొదటి తప్పుకి.