చేవ

కాగితం మిల్లులో దాన్ని మేం నల్లమడ్డి అనేవాళ్లం.
చెక్కను ఉడికించి, తెల్లటి నారను తీసుకున్నాక
అడుగున మిగిలేది.
బాయిలర్‌లో పోసి కాల్చేవాళ్లు.
తప్పు పట్టను. జనవరిలో సరస్సు గడ్డకట్టి
లారీ నడిచేంత గట్టిపడ్డప్పుడు
మా వంటింటి గొట్టాల్లో తిరిగిన వేడి దానిదే.

పక్కనే ప్లైవుడ్ ఫ్యాక్టరీ.
జిగురు కలిపే గదిలో తౌనో, ముప్పై ఒక్కేళ్లుగా.
రోజుకు నాలుగు మాటలు, అందులో రెండు తిట్లు.
అతని కోటు ఇంగువ కట్టిన గుడ్డ:
ఎన్నిసార్లు ఉతికినా
ఫార్మాల్డిహైడ్ ఘాటు వదల్లేదు.
క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చుంటే
ఉల్లిపాయ తరగకుండానే కళ్లనీళ్లు.

కిందటేడు మార్చిలో
బస్తాల్లో గోధుమరంగు పొడి దిగింది.
లిగ్నిన్ అన్నాను.
మన నల్లమడ్డిలోంచే పేరబెట్టి, కడిగి, ఆరబెట్టింది.
తౌనో చిటికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"పొగ సావ్నా" అన్నాడు.
మళ్లీ సాయంత్రం దాకా నోరు విప్పలేదు.

నేను మాత్రం ఆగలేకపోయాను.
చెట్టులో నారను నారకు పట్టి ఉంచేది ఇదే తౌనో,
మంచు బరువుకు వంగిన భూర్జ
ఏప్రిల్‌లో మళ్లీ నిటారుగా లేచేది
ఈ చేవతోనే.
మనం దీన్ని విడదీసి తగలబెట్టి
ఎక్కడి నూనెబావి నుంచో వచ్చిన బంకతో
అదే చెట్టు పొరల్ని అతికిస్తున్నాం.

చెప్పినంత తేలిగ్గా అతుక్కోలేదు.
మొదటి విడతలో గరిటె నిలబడిపోయింది.
రెండోది నీళ్లు.
మూడోది ప్రెస్సులో రెండు నిమిషాలు ఎక్కువ అడిగితే
మేనేజరు గోడ గడియారం వైపు చూశాడు, నా వైపు కాదు.
నాలుగోదాన్ని ఉడకబెడితే
వానలో తడిసిన పుస్తకంలా పలక పొరలు పొరలుగా విచ్చుకుంది.
ఆ రాత్రి లెక్కల కాగితం మీద తలపెట్టి ఏడ్చాను,
ఈసారి ఘాటుకు కాదు.

తౌనో వచ్చి ఒక్క మాటన్నాడు:
"ముందు క్షారంలో నాననీ. తొందరపెట్టకు."

పదకొండో విడత.
నాలుగు గంటలు ఉడికించాం, రాత్రంతా ఆరబెట్టాం,
మళ్లీ నాలుగు గంటలు.
తడి ముక్కను యంత్రం దవడల మధ్య బిగించి
లాగాం.
టప్పుమంది.

భూతద్దం కింద చూశాను.
చెక్క చిరిగింది, పీచులు పీచులుగా.
అతుకు కదల్లేదు.
మా పనిలో గెలుపంటే ఇదే,
చెట్టు ఓడిపోవాలి
తన చేవ ముందు తనే.

అమ్మకాల విభాగం వాళ్లు
పలక మీద పచ్చటి ఆకు బొమ్మ అచ్చేస్తామన్నారు.
తౌనో ఆకును చూశాడు, నన్ను చూశాడు.
"సగం ఇంకా ఫినాలేగా."
అవును, సగమే.
రిజిస్టరులో యాభై శాతం అని రాశాను,
ఆకు గీయలేదు.

జూన్‌లో అతను పని మానేశాడు.
వెళ్తూ వెళ్తూ ఆ విరిగిన ముక్కను జేబులో వేసుకున్నాడు.
"కాఫీ గిన్నె కింద పెట్టుకుంటా,
ఊడితే ఫోన్ చేస్తా."

సరస్సు రెండోసారి గడ్డకడుతోంది.
ఫోన్ రాలేదు.