రెండు రిపోర్టులు

బల్ల మీద రెండు కాగితాలు.
ఒకటి నాది, ఒకటి ఆర్నిది.
రెండింట్లోనూ అదే మాట, కొలెస్ట్రాల్.
నాది ఆరు దాటింది, తగ్గించుకోమన్నారు.
వాడిది రెండు దగ్గరే ఆగింది,
ఏమీ అనలేదు.
పెన్నుకి మూత పెట్టి కిటికీ వైపు చూశారు.

మా కరేలియాలో ఆ మాటకి జడుస్తూనే బతికాం.
అన్న ఊర్హో నలభై మూడేళ్ళకి
బంగాళాదుంపల చేలో పార పట్టుకునే కూలబడ్డాడు.
ఆ తర్వాతే ఊళ్ళోకి నర్సులొచ్చి
రొట్టె మీది వెన్న గీకేయించారు.
చాన్నాళ్ళు మా అమ్మ
ఒట్టి కత్తిని రొట్టె మీద రాస్తూనే ఉండేది, అలవాటు చొప్పున.

ఇప్పుడిక్కడ హెల్సింకీలో, అయిదో అంతస్తులో,
నూనెని పాలలా చిలికి, సంచిలో పోసి
మనవడి నరంలోకి చుక్కచుక్కగా వదులుతున్నారు.

పేగు తెంచుకు పుట్టాడంటారే,
వీడి విషయంలో అది మాట వరసకి కాదు.
మెలిపడి నల్లబడిందంతా మొదటి రోజే కోసేస్తే
మిగిలింది మూరకి తక్కువ.
తిన్నది తిన్నట్టే దాటిపోతుంది.
ఆగని బస్సుకి చెయ్యెత్తి నిలబడ్డ ఊరు, వాడి ఒళ్ళు.

డాక్టర్ కౌప్పినెన్ బొమ్మ గీసి చూపించింది.
పైత్యరసం కొవ్వుని ఒడ్డు చేర్చి
పేగు చివరి మలుపులోంచి మళ్ళీ కాలేయానికి వస్తుందట.
వీడికి ఆ మలుపే లేదు.
"అర్థమవుతోందా, తాతా?"

నలభై ఏళ్ళు పడవలు కట్టినవాణ్ణి. నాకా?
రేవు కొట్టుకుపోయింది.
వెళ్ళిన పడవ వెళ్ళినట్టే పోతోంది.
అందుకని లోపలెవరో రాత్రీ పగలూ
కొత్త పడవలు చెక్కుతున్నారు,
కలపంతా వాటికే సరిపోతోంది,
ఇంటికి ఒక్క చెక్కా మిగలడం లేదు.

ఆమె కాసేపు ఆలోచించింది.
"దాదాపు అంతే. మేం రక్తంలో రంపపు పొట్టుని కూడా కొలుస్తాం.
పొట్టు ఎక్కువుంటే
షెడ్డులో పని జోరుగా సాగుతున్నట్టు."

రంపపు పొట్టు.
ఆ రాత్రి వాడు నిద్రపోయాక
కుడి డొక్క మీద చెవి ఆనించాను.
ఉలి చప్పుడు లేదు, తారు వాసన లేదు.
పంపు మాత్రం తన పాటికి టిక్కుమంటోంది.
కానీ అక్కడ వెచ్చగా ఉంది,
చలికాలం తలుపులేసుకుని
పని చేసుకునే చోటులాగా.

ఎంత చిన్న మేస్త్రీ!
జీతం లేదు, సెలవు లేదు,
సరుకు చాలదని ఒక్క మాటైనా అనడు.

పొద్దున్నే తూచారు. నిన్నటికి నలభై గ్రాములు ఎక్కువ.
నర్సు రాసుకుంది, ఎవరం నోరెత్తలేదు,
పైకి అంటే తరుగుతుందేమోనని.
వాడు మాత్రం జావ గిన్నెని ఒక్క తన్ను తన్ని
"తాతకి చిన్న చెంచా! నాకు పెద్దది!" అని అరిచాడు.
దుప్పటి మీద జావ, నా చొక్కా మీద జావ.

కోడలు సిర్కు విసుక్కుంది,
"కొవ్వెక్కిందిరా నీకు!"

నేను ఆమేన్ అన్నాను.
చర్చి గడప తొక్కి ఎన్నేళ్ళయిందో.