కొంగ లేని కట్ట

నా పని కొంగల్ని దేవుడి దగ్గరికి పంపడం.
సక్కారా గుట్ట మీద, పైరు ఆగి ఇసుక మొదలయ్యే చోట,
వంకర ముక్కు తెల్ల కొంగల్ని
ఉప్పులో ఆరబెట్టి, వేడి బంకలో ముంచి,
నారబట్ట పేలికలతో చుట్టి,
కుండలో దించి, మూతికి సున్నం మెత్తుతాను.
తోత్ దేవుడిది కొంగ తల.
మాట ఆయనది, రాత ఆయనది,
చచ్చినవాడి గుండెను తూచినప్పుడు
పక్కన నిలబడి లెక్క రాసేదీ ఆయనే.
మొక్కున్నవాళ్ళు కట్ట కొంటారు,
దాని చెవి ఉండే చోట నోరు పెట్టి చెప్పుకుంటారు.
కట్ట వెళ్ళి ఆయనకు చెబుతుంది.

అంతా బాగానే ఉంది గానీ
పండగ నెలలో జనం ఎక్కువ, కొంగలు తక్కువ.
మా పెద్ద మేస్త్రీ జెద్‌హోర్ అనేవాడు:
"రెల్లు పెట్టు, ఏటి బురద పెట్టు.
ఒక్క ఈక ఉన్నా కొంగంతా ఉన్నట్టే.
అల్లిక మాత్రం చెడనీయకు."
ఆయన పోయి తొమ్మిదేళ్ళు.
ఈక సరిపోయిందో లేదో
ఎవరూ తిరిగొచ్చి చెప్పలేదు.

ఆ రోజు ఈక కూడా లేదు.

తషెన్మిన్ అని, మెంఫిస్‌లో నేత పని చేసే ఆవిడ,
ఏడేళ్ళ పిల్లాణ్ణి వెంటబెట్టుకొచ్చింది.
పుట్టినప్పటి నుంచి వాడికి మాట లేదట.
"మాటల దేవుడు కదా, ఒక్కటి ఇవ్వడా?
'అమ్మ' అననక్కర్లేదు.
'నీళ్ళు' అన్నా చాలు" అంది.
మూడు నెలల కూలి ముడి విప్పింది.

అరలో ఉన్నవాటిలో అందమైనది ఇచ్చాను:
గోధుమ రంగు, నలుపు, గళ్ళు గళ్ళుగా,
నా వేళ్ళు ఇంతవరకూ అల్లినవాటిలో మేలైన అల్లిక.
లోపల రెల్లు.

నేతగత్తె కదా, వేలితో అల్లిక తడిమి
"ఎంత శ్రద్ధ" అంది, కళ్ళు తుడుచుకుంది.
పిల్లాడు కట్ట అందుకున్నాడు.
చెవికి ఆనించుకున్నాడు.
మెల్లగా ఊపాడు.
లోపల రెల్లు గరగరమంది,
ఎండిన కాలవలో గాలి తిరిగినట్టు.

తలెత్తి నా వైపు చూశాడు.

వాడికి తెలిసిపోయింది.
వాడికి తెలుసని నాకు తెలిసిపోయింది.
ఊళ్ళో నా గుట్టు తెలిసిన సాక్షి ఒక్కడే,
వాడికి నోరు లేదు.
ఆవిడ మొక్కేదేమో వాడికి నోరు రావాలనే.

చచ్చాక నేను చెప్పాల్సినవి నాకు కంఠతా వచ్చు:
నేను దొంగిలించలేదు. నేను చంపలేదు.
తూకంలో వేలు పెట్టలేదు.
పసివాడి నోటి దగ్గర పాలు లాగలేదు.
నలభై రెండు "లేదు"లు, నలభై రెండు ముఖాల ముందు.
గుండె ఎదురు తిరగకుండా దాని మీద పెట్టడానికి
పచ్చరాతి పేడపురుగు కూడా చెక్కించి పెట్టుకున్నాను,
వాయిదాల మీద, ఇంకా బాకీ ఉంది.
"ఓ నా గుండే, నా మీద సాక్ష్యం చెప్పకు" అని రాసుంది దాని పొట్ట మీద.
గుండెను ఆపుతుందేమో.
పిల్లాణ్ణి ఆపే రాయి ఏ చెక్కడపువాడి దగ్గర ఉంది?

ఆ రాత్రి దీపం పట్టుకుని సొరంగంలోకి దిగాను.
చేతిలో ఒక నిజమైన కొంగ,
రెక్కలు మడిచి, తల గుండెకు ఆనించి,
నేనే కట్టినది, డబ్బు తీసుకోకుండా.
మార్చేద్దామని.
కుండలు. కుండల మీద కుండలు.
గోడల నిండా, కప్పు దాకా,
మా తాతల నాటి నుంచి ఎవరెవరి మొక్కులో,
అన్నీ ఒకే సున్నం, ఒకే మూతి.
వాడి కుండ ఏదో తెలియలేదు.
నూనె అయిపోతుంటే, ఆ చీకట్లో,
ఎవరి తరఫునా కాని ఆ కొంగ చెవిలో
నేనూ ఒకటి చెప్పుకున్నాను.

వాడికి మాట ఇవ్వు, అన్నాను.
మొదటి మాట నా పేరే అయినా సరే.
అని, వెంటనే భయమేసి,
మెట్లు రెండేసి ఎక్కి పైకొచ్చేశాను.

నైలు మూడుసార్లు పొంగి తీసింది.
ఏటా తషెన్మిన్ వస్తుంది, ఏడాదికో కట్ట కొంటుంది.
ఇప్పుడు ఆవిడకిచ్చే కట్ట బరువుగానే ఉంటుంది.
మెట్ల మీద ఆవిడ గొంతు వినపడగానే
చేతిలో పేలిక ఆగిపోతుంది.
ఆ గొంతు వెనక
ఇంకో గొంతు కోసం
చెవి ఒగ్గి కూర్చుంటాను,
వినపడాలనో, వద్దనో.